ర్యాంపు ఉద్యోగం వచ్చింది, వెళ్లాలా? బుష్ ఫ్లయింగ్, సరకు విమానాల గురించి నా సమాధానం

మీకు కెనడా కమర్షియల్ పైలట్ లైసెన్సు, మల్టీ ఇంజిన్ ఐఎఫ్ఆర్ (బయటి చూపు మీద కాక పరికరాలు చూసి ఎగిరే) రేటింగ్ చేతికొచ్చాయి. లాగ్‌బుక్కులో 215 గంటలున్నాయి. వాయవ్య ఒంటారియోలో బుష్ ఫ్లయింగ్, అంటే రోడ్లు లేని మారుమూల ఊళ్లకు చిన్న విమానాలు నడపడం, చేసే ఒక చిన్న సంస్థ ‘ముందు ర్యాంపు మీద (విమానాల్లో సరకు ఎక్కించి దించే చోట) పనిచెయ్యి, ఏడాదిలోపు విమానం ఎక్కిస్తాం’ అంటోంది. గుంటూరులో మీ నాన్నగారేమో ‘మూటలు మోయడానికా అన్ని లక్షలు పోసింది, వెనక్కి వచ్చి టైప్ రేటింగ్ (ఒక రకం పెద్ద విమానం నడిపే అర్హత) చేసుకో’ అంటున్నారు. వెళ్లాలా, రావాలా, చివరికి సరకు విమానాల్లోనే స్థిరపడితే ఆ బతుకు ఎలా ఉంటుంది అని అడిగారు.

నేనైతే వెళ్లమనే చెబుతాను. కానీ ఆ సంస్థ దగ్గర ఏ విమానాలున్నాయో, ఎన్ని నెలలకు కాక్‌పిట్ ఇస్తారో ఇంత వివరంగా రాసిన మీరు ఒక సంగతి అడిగినట్టు లేదు. అక్కడ ఒక పైలట్ ‘ఈ రోజు వెళ్లను’ అంటే ఏమవుతుంది? అది తెలుసుకోకుండా మాత్రం అటు బయలుదేరకండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే నా కథ కొంత చెప్పాలి.

నాకు లైసెన్సు వచ్చింది 2009లో. ఆర్థిక మాంద్యం కారణంగా పెద్ద సంస్థలు ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతున్న రోజులవి. 2010 మే నెలలో వాయవ్య ఒంటారియోలోని ఒక ఫ్లోట్ విమానాల (నీళ్ల మీద దిగేవి) స్థావరంలో డాక్ (రేవు) మీద కూలీగా చేరాను. ఒంటారియో కనీస వేతనం అప్పుడు గంటకు 10.25 డాలర్లు, నాకిచ్చిందీ అదే. రెండు వేసవులు డాక్ మీద గడిచాక బీవర్ అనే చిన్న ఫ్లోట్ విమానం ఇచ్చారు. తర్వాత చలికాలాల్లో కారవాన్ అనే ఒంటి ఇంజిన్ విమానం మీద సరకు, ఆ తర్వాత రెండు ఇంజిన్ల టర్బోప్రాప్‌లు. ఇప్పుడు మన దేశంలోనే రాత్రిపూట 737 సరకు విమానం నడుపుతున్నాను. మా మేనమామ దృష్టిలో నేను ఇప్పటికీ ‘ఆకాశంలో లారీ డ్రైవర్‌ని’. ఆయన ఎగతాళిగా అన్నా, అంతకంటే సరైన వర్ణన నాకు దొరకలేదు. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో రెండు లారీలుండేవి. లోడు మీద టార్పాలిన్ కప్పి తాడు బిగించడం పన్నెండేళ్లకే నేర్చుకున్నాను. డాక్ మీద నాకు మొదటి మెప్పు తెచ్చిపెట్టింది లైసెన్సు కాదు, ఆ ముడి.

ర్యాంపు పని గురించి మీ నాన్నగారి మాటలో అబద్ధం లేదు. మూటలే మోస్తారు. ఇంధనం పీపాలు దొర్లిస్తారు, ఒక్కోటి 205 లీటర్లు. ప్లైవుడ్, బియ్యం బస్తాలు, పిల్లల డైపర్ల పెట్టెలు, స్నోమొబైల్ ఇంజిన్లు, ఒక్కోసారి పియానో. చలికాలంలో తెల్లవారుజామున మూడింటికి లేచి, ఇంజిన్ మీద దుప్పటి తీసి, హీటరు గొట్టం పెట్టి, రెక్కల మీది మంచు చీపురుతో ఊడుస్తారు. చేతి తొడుగు తీసి ఒక నట్టు బిగించబోతే వేళ్లు ఇనుముకు అతుక్కుంటాయి. ఇదంతా పైలట్ అవడానికి కట్టే సుంకమని చాలామంది పళ్లు బిగించి భరిస్తారు. నా అనుభవంలో అది సుంకం కాదు, చదువులో సగం. ఈ ఉద్యోగంలో విమానం నడిపే గంటల కన్నా లోడు ఎక్కించే, దించే, తూచే, కట్టే గంటలే ఎక్కువ. కాక్‌పిట్‌లోకి వెళ్లాక కూడా అంతే. చిన్న ఊళ్లలో మీ లోడు దించడానికి మరెవరూ రారు.

బరువు ఎంత, అది ఎక్కడ కూర్చుంది, కదలకుండా ఉందా అన్న మూడింటినీ కళ్లతో చూసి పసిగట్టే అలవాటు ర్యాంపు మీదే వస్తుంది. చిప్స్ పెట్టెలు ఎక్కించినప్పుడు బరువు సగం కూడా కాకముందే విమానం నిండిపోతుంది. కూల్‌డ్రింక్ డబ్బాలైతే విమానం ఖాళీగా కనిపిస్తుండగానే బరువు పరిమితి దాటిపోతుంది. కొత్తవాడు ఖాళీ చోటు చూసి ఇంకో నాలుగు పెట్టెలు తోస్తాడు. లోడు కదిలితే ఏమవుతుందో తెలియాలంటే 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌లో కూలిన 747 గురించి చదవండి. లోపల కట్టిన సైనిక వాహనాలు టేకాఫ్‌లోనే ఊడి వెనక్కి దొర్లాయి, తోక భాగంలోని యంత్రాంగాన్ని చితక్కొట్టాయి. ఏడుగురు సిబ్బందీ చనిపోయారు. అంత పెద్ద విమానంలో జరిగింది మీ కారవాన్‌లో ఒక పీపా ఊడినా జరుగుతుంది.

ఇక్కడే ఒక కాగితాల సంగతి చెప్పాలి, చాలామంది మన పిల్లలు దీని దగ్గరే దెబ్బ తింటున్నారు. మీది చదువు తర్వాతి వర్క్ పర్మిట్ అన్నారు. దాని గడియారం ఆగదు. పర్మనెంట్ రెసిడెన్సీకి కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ కింద దరఖాస్తు చేయాలంటే, ఉద్యోగాల వర్గీకరణలో 0 నుంచి 3 వరకు ఉన్న శ్రేణుల్లో చేసిన పనినే లెక్కిస్తారు. పైలట్ ఉద్యోగం 2వ శ్రేణి. విమానాశ్రయ ర్యాంపు పని 4వ శ్రేణి. అంటే మీరు ర్యాంపు మీద గడిపే ఏడాది ఆ లెక్కలోకి రాదు. మూడేళ్ల పర్మిట్‌లో ఏడాదిన్నర పెట్టెలు మోస్తూ గడిచిపోతే మిగిలినది ఎంతో ఇప్పుడే వేలు మడిచి చూసుకోండి. ‘ఏడాదిలోపు’ అన్నది నోటిమాటా, రాతపూర్వకమా అని అడగండి. గత మూడేళ్లలో ర్యాంపు నుంచి కాక్‌పిట్‌కు వెళ్లిన వాళ్లెందరు, ఎన్ని నెలలకు వెళ్లారని అడగండి. మంచి సంస్థ ఆ ప్రశ్నకు నొచ్చుకోదు. నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి లైసెన్సున్న సలహాదారుతో ఒక గంట మాట్లాడటానికి అయ్యే ఫీజు దండగ కాదు.

ఇక ఎగరడం గురించి. మీ సంస్థకు వేసవిలో ఫ్లోట్ విమానాలున్నాయన్నారు కాబట్టి బీవర్ గురించి కొంచెం చెప్పాలనిపిస్తోంది. చెప్పకుండా ఉండలేను కూడా. డీహావిలాండ్ వాళ్ల డీహెచ్‌సీ-2 బీవర్ 1947 ఆగస్టు 16న మొదటిసారి ఎగిరింది. మా నాన్న పుట్టకముందు. 450 హార్స్‌పవర్ రేడియల్ ఇంజిన్. ఇంధనం పీపా నేరుగా లోపలికి దొర్లించగలిగేంత వెడల్పు తలుపులు. ఇంధనం పోయడానికి రెక్క ఎక్కనక్కరలేదు, డాక్ మీద నిలబడే పోయవచ్చు. ఇంజిన్ ఆయిల్ పోసే మూత కాక్‌పిట్‌లోనే ఉంటుంది, అవసరమైతే గాలిలో ఉండగానే పోసుకోవచ్చు. దాన్ని రూపొందించినవాళ్లు ఉత్తరాది పైలట్లను ‘మీకేం కావాలి’ అని అడిగి మరీ తయారుచేశారని చూడగానే తెలుస్తుంది.

ఫ్లోట్ల మీద బ్రేకులుండవు. ఇంజిన్ అంటుకోగానే విమానం కదులుతుంది, తాడు విప్పేలోపే గాలి ఎటు నెడుతుందో లెక్క వేసుకోవాలి. రోజూ పొద్దున్నే ఫ్లోట్లలో ఊరిన నీళ్లు పంపుతో తోడాలి. గాలి ఎక్కువైతే భయపడాలని అందరికీ తెలుసు. అస్సలు గాలి లేని రోజు అంతకన్నా మోసకారి. సరస్సు అద్దంలా పరుచుకుంటే నీటి మట్టం ఎక్కడుందో కంటికి అందదు. అప్పుడు చూపును నమ్ముకోకుండా, ఒడ్డుకు దగ్గరగా, ముక్కు కొద్దిగా పైకెత్తి, నిమిషానికి సుమారు 150 అడుగులు దిగేలా శక్తి సర్ది, నీళ్లు తగిలేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. ఆ కూర్చోవడమే కష్టం. నా మొదటి వేసవిలో రెండుసార్లు ముందే చెయ్యి ఆడించి, విమానాన్ని కప్పలా గెంతించాను.

బీవర్ మంచిదే కానీ మన్నించేది కాదు. 2015 ఆగస్టులో క్యుబెక్‌లో పర్యాటకులతో వెళ్లిన బీవర్ ఒకటి తక్కువ ఎత్తులో బాగా వాలి తిరుగుతూ స్టాల్ అయి (రెక్కలు విమానాన్ని మోయలేక) కూలింది, ఆరుగురూ చనిపోయారు. అందులో స్టాల్ హెచ్చరిక పరికరం లేదు. వాణిజ్యపరంగా తిప్పే బీవర్లన్నింటికీ అది పెట్టాలని కెనడా రవాణా భద్రతా మండలి తర్వాత సిఫారసు చేసింది. నీట మునిగిన విమానం నుంచి బయటపడే శిక్షణ ఇప్పుడు వాణిజ్య సీప్లేన్ పైలట్లకు తప్పనిసరి. మా రోజుల్లో అది ఎవరి ఇష్టం వారిది. మీకు సంస్థ చెప్పేదాకా ఆగకండి, ముందే చేసి వెళ్లండి. ఫ్లోట్ రేటింగ్‌కు చట్టం అడిగేది ఏడు గంటలే, ఇన్సూరెన్సువాళ్లు చూసేది అంతకు చాలా ఎక్కువ. 50 గంటల కోర్సు డబ్బు పెట్టి చేయాలా అని అడిగారు. ఈ సంస్థ రాతపూర్వకంగా బీవర్ ఇస్తానంటే చేయండి, లేకుంటే వద్దు.

జీతం ఎంత అన్నదాని కన్నా ఎలా లెక్క కడతారన్నది ముఖ్యం. మా దగ్గర నెలకు కొంత స్థిరంగా, దానిపైన ఎగిరిన ప్రతి మైలుకు ఇన్ని సెంట్లు అని ఇచ్చేవారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పొగమంచు పట్టిన పొద్దున, అద్దె కట్టాల్సిన నెలాఖరులో, ఆ సెంట్లే చెవిలో ‘పద పద’ అని గుసగుసలాడతాయి. ఎగిరినా ఎగరకపోయినా ఒకటే జీతం ఇచ్చే సంస్థలున్నాయి. నెలకు మూడు వందల డాలర్లు తక్కువైనా వాటినే ఎంచుకోండి.

ఆ సంస్థలో మా చీఫ్ పైలట్ అరవై దాటినవాడు, మాట తక్కువ. అక్టోబరు మొదటి వారంలో ఒక రోజు గడ్డకట్టే తుంపర మొదలైంది. వంద కిలోమీటర్ల అవతల చేపల వేటకు వచ్చిన నలుగురు అతిథులు ఎదురు చూస్తున్నారు, సాయంత్రం వాళ్లకు పెద్ద విమానం ఉంది. నాకు బీవర్ మీద అప్పటికి తొంభై గంటల అనుభవం. ఆఫీసులోంచి రేడియోలో మూడుసార్లు అడిగారు. నేను వెళ్లలేనన్నాను, గొంతు వణుకుతూనే అన్నాను. ఆయన డాక్ మీదికి నడిచొచ్చి, రెక్క అంచు మీద వేలితో ఒకసారి గీసి చూసి, నేను విప్పిన తాడును మళ్లీ కట్టేసి, ‘టీ తాగుదాం రా’ అన్నాడు. ఆఫీసులో కూర్చున్న యజమానురాలికి తానే వెళ్లి చెప్పాడు. ఆ రోజు గురించి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

రెండేళ్ల తర్వాత ఇంకో సంస్థలో, పేరు అనవసరం, ఇలాంటిదే జరిగింది. కారవాన్, చలికాలం, మధ్యదారిలో మంచు పేరుకునే సూచనలు. వెళ్లనన్నాను. డిస్పాచర్ ఏమీ అనలేదు. నా పక్కన కూర్చున్న కుర్రాడి వైపు తిరిగి ‘నువ్వు వెళ్తావా’ అని అడిగాడు. అతను వెళ్లాడు, క్షేమంగా తిరిగొచ్చాడు కూడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. అతను తిరిగొచ్చాడు కాబట్టి నాది పిరికితనమైంది. తర్వాతి నెల మంచి ట్రిప్పులన్నీ అతనికే. ఇంకో రెండు నెలలకు నాకే ‘వెళ్లి చూస్తే పోయిందేముంది’ అనిపించడం మొదలైంది. అలా అనిపించిన రాత్రే రాజీనామా రాశాను. చేతిలో వేరే ఉద్యోగం లేదు.

ఇదంతా నా చాదస్తం అనుకుంటే, మీరు వెళ్లబోయే ఊరికి దగ్గర్లోనే డ్రైడెన్ ఉంది. 1989 మార్చి 10న అక్కడ ఎయిర్ ఒంటారియో ఎఫ్-28 రెక్కల మీద మంచుతో టేకాఫ్ చేసి కూలింది. 69 మందిలో 24 మంది చనిపోయారు. విమానంలో ఇంజిన్ స్టార్ట్ చేయడానికి తోడ్పడే సహాయక పవర్ యూనిట్ పనిచేయడం లేదు, డ్రైడెన్‌లో నేల మీద నుంచి స్టార్ట్ చేసే పరికరమూ లేదు. ఇంజిన్ ఆపితే మళ్లీ అంటుకోదు, ఇంజిన్ నడుస్తుండగా రెక్కల మంచు తీయించకూడదని నియమం. అప్పటికే ఆలస్యమైంది. ప్రయాణికుల్లో ఉన్న ఇద్దరు పైలట్లు రెక్కల మీద మంచు చూశారు, చెప్పలేదు. జస్టిస్ మోషాన్‌స్కీ విచారణ కెప్టెన్ దగ్గర ఆగకుండా సంస్థ పనితీరునూ ప్రభుత్వ పర్యవేక్షణనూ తవ్వి బయట పెట్టింది. ఆ నివేదిక పెద్దదే, అయినా ఉత్తరాదికి వెళ్లే ప్రతి కుర్రవాడూ చదవాలి. 2017 డిసెంబరులో సస్కాచెవాన్‌లోని ఫాండ్ డు లాక్‌లో ఏటీఆర్ 42 కూలింది. అక్కడా రెక్కల మీద మంచే, మారుమూల విమానాశ్రయంలో దాన్ని తీసే సరైన సదుపాయం లేకపోవడమే. 28 ఏళ్ల తేడా, అదే కథ.

కాబట్టి అక్కడ ఇప్పుడు ర్యాంపు మీద ఉన్న వాళ్లతో ఫోనులో మాట్లాడండి, యజమానితో కాదు. ‘కిందటి చలికాలంలో ట్రిప్పు రద్దు చేసిన పైలట్ ఎవరు, తర్వాత ఏమైంది’ అని అడగండి. జవాబు వెంటనే వస్తే మంచిదే. నవ్వేసి మాట మారిస్తే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

చలికాలపు సరకు గురించి. ఉత్తర ఒంటారియోలో ఏడాది పొడవునా రోడ్డు లేని ఆదివాసీ గ్రామాలు ఇరవైకి పైగా ఉన్నాయి. గడ్డకట్టిన సరస్సులు, చిత్తడి నేలల మీద వేసే చలికాలపు దారి కొన్ని వారాలే ఉంటుంది. మిగతా కాలమంతా పాలు, కూరగాయలు, మందులు, చదువుకునే పిల్లలు, పెళ్లి కేకు, అన్నీ గాలిలోనే రావాలి. కారవాన్ ఒక ఇంజిన్‌తో టన్నుకు పైగా మోసుకుంటూ కంకర రన్‌వే మీద దిగుతుంది. మంచు పేరుకుంటే మాత్రం తట్టుకోలేని విమానం, దాని పాత ప్రమాదాల జాబితానే సాక్ష్యం. విపరీతమైన చలిలో ఎత్తు చూపే మీటరు కూడా అబద్ధం చెబుతుంది. మైనస్ 40లో రన్‌వే నుంచి వెయ్యి అడుగుల పైన ఉన్నానని అది చూపుతుంటే, నిజానికి మీరు అంతకు 200 అడుగులకు పైగా కింద ఉంటారు. ఆ దిద్దుబాటు పట్టిక పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేయకండి.

అక్కడి మనుషుల గురించి కాసేపు. ఒకసారి ఆసుపత్రిలో చనిపోయిన ఒక పెద్దాయన శవపేటికను వాళ్ల ఊరికి తీసుకెళ్లాను. సీట్లు తీసేసి, మామూలు సరకు కట్టే పట్టీలతోనే కట్టాను. కట్టేటప్పుడు చేతులు కొంచెం తడబడ్డాయి. దిగేసరికి ఊరు ఊరంతా, చంటిబిడ్డలతో సహా, ఆ చలిలో రన్‌వే పక్కన నిలబడి ఉంది. దించాక ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని ‘మీగ్వెచ్’ అంది. వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పే మాట. ఆ ఊరికి నేను అప్పటికి ఓ యాభైసార్లు వెళ్లి ఉంటాను, అంతకుముందు ఎవరి పేరూ అడగలేదు. మీరు మొదటి వారంలోనే అడగండి.

భవిష్యత్తు సంగతికి వస్తాను. వేడి చలికాలాల వల్ల ఆ మంచు దారులు కుదించుకుపోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఉత్తర ఒంటారియో ఆదివాసీ గ్రామాల ప్రతినిధులు దాని మీద అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వాళ్లకు అది విపత్తు. సరకు సంస్థలకు ఎక్కువ పని. ఈ మాట రాయడానికి నాకేం ఇంపుగా లేదు, కానీ ఆ పనికి పైలట్లు కావాలన్నది నిజం. చిన్న సంస్థలకు కూడా 2022 డిసెంబరు నుంచి కొత్త పని గంటల నియమాలు వచ్చాయి. 28 రోజుల్లో 112 గంటలు, ఏడాదిలో 1000 గంటలు దాటి ఎగరకూడదు. మా కాలంలో ఏడాదికి 1200. దాని అర్థం అదే పనికి ఇంకొందరు కావాలి. ఆటుపోట్లు మాత్రం తప్పవు. పెద్ద సంస్థలు పైలట్లను లాక్కున్న 2022-23లో కొందరికి ర్యాంపు కాలం కొన్ని నెలలకే ముగిసింది. 2020లో కోవిడ్ వల్ల పైలట్లుగా ఉన్నవాళ్లే డాక్ మీదికి తిరిగొచ్చారు. మీరు ఏ అలలో దిగుతారో మీ చేతిలో లేదు.

ఫ్లోట్ కాలం మే నుంచి అక్టోబరు దాకా, కష్టపడితే వేసవికి మూడు, నాలుగు వందల గంటలు. చక్రాల మీద చలికాలపు సరకు కూడా దొరికితే 1500 గంటలు, అంటే ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు కావలసిన లైసెన్సు) అర్హత, సుమారు మూడేళ్ల మాట. ఒక హెచ్చరిక. ఒంటరిగా, ఒకే ఇంజిన్‌తో, పగటిపూట ఎగిరిన గంటల్ని పెద్ద సంస్థలు మెచ్చుకుంటాయి కానీ ఉద్యోగం ఇచ్చేది ఇద్దరు పైలట్ల, ఐఎఫ్ఆర్, టర్బైన్ గంటలకు. బీవర్ మీద ప్రేమతో అయిదో వేసవి కూడా ఉండిపోకండి. నేను ఉండిపోయాను, అందుకే నాకు కెప్టెన్ సీటు నా తోటివాళ్ల కన్నా మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. పశ్చాత్తాపపడుతున్నానా అంటే, లేదు. అయినా మీకు చెప్పకపోతే తప్పు.

నాన్నగారి మాట కూడా కొట్టిపారేయలేను. ఇక్కడికి తిరిగొస్తే డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు, వైద్య పరీక్ష, లైసెన్సు మార్పిడి, ఆపైన సొంత డబ్బుతో టైప్ రేటింగ్. అన్నీ అయ్యాక ఏ320 కుడి సీటు, అంటే కో-పైలట్ ఉద్యోగం, దొరికితే మీ బీవర్ మిత్రుల కన్నా త్వరగా మంచి జీతం మీదే. దొరకకపోతే? 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు వేల గంటల అనుభవమున్న వాళ్లు 200 గంటల పిల్లలతో ఒకే వరుసలో నిలబడ్డారు. టైప్ రేటింగ్ కాగితానికి అప్పు వడ్డీ ఆగదు, వాడకపోతే ఆ కాగితం పాతబడుతుంది. ఉద్యోగం ఖాయమన్న ఉత్తరం చేతిలో లేకుండా టైప్ రేటింగ్‌కు డబ్బు కట్టకండని మాత్రం నాన్నగారికి గట్టిగా చెప్పండి.

మన దేశంలో బుష్ ఫ్లయింగ్ లేదా అని కూడా అడిగారు. లేనట్టే. 2022 ఏప్రిల్‌లో డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కు డోర్నియర్ 228 మొదలైంది, అరుణాచల్‌లోని చిన్న రన్‌వేలు ఆ పనికి దగ్గరగా ఉంటాయి. 2024 నవంబరు 9న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోంచి ట్విన్ ఆటర్ సీప్లేన్ లేచి శ్రీశైలం వెళ్లింది, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులో ఎక్కారు. ఆ వీడియోను మా నాన్న నాకు పదకొండుసార్లు పంపారు. అది ప్రదర్శన ప్రయాణం. దాని మీద ఆశ పెట్టుకుని ఫ్లోట్ రేటింగ్ చేయకండి.

సరకు విమానాల వ్యవహారం వేరు, ఇక్కడ దానికి పాత చరిత్రే ఉంది. 1949లో మొదలై 1973 దాకా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రోజూ రాత్రి నాలుగు విమానాలు నాగపూర్ చేరేవి. అర్ధరాత్రి దాటాక అక్కడ టపా సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు తిరిగిపోయేవి. ఈ రోజు నేను చేసే పనికి అచ్చంగా అదే నమూనా. బ్లూ డార్ట్ 1996 నుంచి సొంత విమానాలు తిప్పుతోంది. ఇండిగో 2022లో ఏ321 సరకు విమానాలు తెచ్చుకుంది. 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్ హైదరాబాదు నుంచే మొదలైంది, క్విక్‌జెట్ 737 విమానాలతో. చోటు పెరుగుతోంది కానీ ఇంకా చిన్న బజారే. ఏడాదికి పదుల్లో సీట్లు, వందల్లో కాదు. సాధారణంగా ఆ రకం విమానం మీద గంటలున్న వాళ్లకే పిలుపు వస్తుంది.

రోజువారీ జీవితం ఎలా ఉంటుందంటే, ఊరు అన్నాలు తిని పడుకునే వేళకు నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటాను. రాత్రి ఆకాశం ఖాళీగా ఉంటుంది, రేడియోలో గొంతులు తక్కువ, నేరుగా దారి ఇస్తారు. ప్రయాణికుల గొడవ లేదు. ‘పెట్టెలు ఫిర్యాదు చేయవు’ అని మా వాళ్లంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. ఒక రోజు వయసు కోడిపిల్లలు వేలకొద్దీ ఎక్కిస్తే దారి పొడవునా ఫిర్యాదే. పెట్టెలు మంటలు కూడా పెట్టగలవు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో యూపీఎస్ 747లో సరకు అంటుకుంది, అందులో లిథియం బ్యాటరీలున్నాయి. పైలట్లిద్దరూ చనిపోయారు. ఆన్‌లైన్ బజారు సరకంటే సగం ఫోన్లు, పవర్ బ్యాంకులే. అందుకే ప్రమాదకర సరకు పత్రం మీద సంతకం పెట్టేముందు చదువుతాను, లోడ్‌మాస్టర్ విసుక్కున్నా.

కష్టమంతా నిద్ర దగ్గరే. ఉదయం ఏడింటికి ఇంటికొచ్చి, కిటికీలకు నల్ల తెరలు దించి పడుకుంటే, పదింటికి పక్కింటి గ్రైండరు మోగుతుంది. రాత్రి పనికి పగటి నిద్ర ఎప్పటికీ సరిసమానం కాదు. మన దగ్గర వారపు విశ్రాంతి 36 నుంచి 48 గంటలకు పెరిగింది 2025 జులైలోనే. అమెరికాలో 2014లో వచ్చిన కొత్త విశ్రాంతి నియమాల నుంచి సరకు పైలట్లను ఇప్పటికీ మినహాయించే ఉంచారు, పెట్టెలతో వెళ్లేవాడికి అలసట రాదన్నట్టు. పండుగలకు మరీ కష్టం. దసరా, దీపావళి అమ్మకాలప్పుడే మాకు పని తారస్థాయిలో ఉంటుంది. మా పాప అక్షరాభ్యాసానికి నేను కునికిపాట్లు పడుతూ కూర్చున్న ఫోటో ఇంట్లో ఇప్పటికీ గోడ మీద ఉంది. పెళ్లి మాటలు నడుస్తున్నాయని రాశారు కాబట్టి చెబుతున్నా, ఆ అమ్మాయికి ఇవన్నీ ముందే చెప్పండి.

వెళ్లాలని నిశ్చయించుకుంటే రెండు పనులు. ట్రైనింగ్ బాండ్ మీద సంతకం పెట్టేముందు, సంస్థే మిమ్మల్ని తీసేస్తే ఆ డబ్బు ఎవరు కట్టాలో అందులో ఎక్కడ రాసిందో వెతకండి. రాసి లేకపోతే రాయించండి. రెండోది బూట్లు. మొదటి జీతం వచ్చేదాకా ఆగకుండా, మైనస్ 40కి పనికొచ్చేవి, మీ కొలత కన్నా ఒక సైజు పెద్దవి కొనండి. లోపల రెండు జతల ఉన్ని మేజోళ్లు పట్టాలి.